పెరటి వెనుక హైవే గోడలు పడగొట్టి మళ్లీ కడతారట, ఓటు వేయమంటున్నారు

మంచులో_మామిడి | మార్చి 4, రాత్రి 9.12

అందరికీ నమస్కారం. మాది మినియాపోలిస్ పడమటి శివారు. ఇల్లు హైవేకి వీపు ఆనించి ఉంటుంది. పెరటి కంచె దాటితే పది అడుగుల గడ్డి, తరువాత చెక్క పలకల శబ్ద నిరోధక గోడ. దానికి కిందుగా, రోడ్డు వైపు, ఇంకో గోడ ఉంది. మా నేల రోడ్డు కంటే పన్నెండు అడుగులు ఎత్తు కాబట్టి మట్టి జారకుండా కట్టిన కాంక్రీటు రిటైనింగ్ వాల్ అది. రెండూ మేము రాకముందు నుంచి ఉన్నవే. చెక్క ఎండి నల్లబడింది, పలకల మధ్య వేలు దూరే సందులు వచ్చాయి. కాంక్రీటు మీద తుప్పు చారలు. ఒకచోట పెచ్చు ఊడి ఇనుప కడ్డీ బయటపడింది.

గత వారం ఉత్తరం వచ్చింది. రోడ్డుకు ఒక వరుస పెంచుతారు, రెండు గోడలూ మారుస్తారు. శబ్దం గోడ 20 అడుగుల దాకా కాంక్రీటుతో వస్తుంది. అది కావాలో వద్దో చెప్పమన్నారు. గోడకు ఆనుకున్న ఇంటి యజమానికి 4 పాయింట్లు, అందులో ఉండేవారికి 2. వెనుక వరుస ఇళ్లకు 2, 1. యజమానులమూ మేమే, నివాసులమూ మేమే కనుక మాకు 6.

ఈ ఆరు పాయింట్ల మీద ఇంట్లో మూడు పార్టీలు. నాకు గోడ కావాలి, రాత్రిళ్లు నిద్ర లేదు. రోడ్డు మాకు పడమర కాబట్టి, అంత గోడ లేస్తే సాయంత్రం ఎండ ముందే పోతుందనీ, ఉన్న నాలుగు నెలల వేసవిలో గోంగూర కూడా రాదనీ మా ఆవిడ అంటుంది. ఇక మా నాన్నగారు. తెనాలి నుంచి ఆరు నెలలకని వచ్చారు. పొద్దున్నే లేచి పై అంతస్తు కిటికీ దగ్గర కాఫీ గ్లాసుతో కూర్చుని లారీలు లెక్కపెడతారు. నోటు పుస్తకంలో రాస్తారు కూడా. "గోడ కట్టేస్తే ఇక ఇక్కడ చూడటానికి ఏముందిరా" అన్నది ఆయన వాదన.

అనుభవం ఉన్నవారు చెప్పండి. ఏమి అడగాలి, ఏమి చూసుకోవాలి?

కాకినాడ_మేస్త్రి | మార్చి 4, రాత్రి 10.35

బాబూ, ముప్పై ఏళ్లకు పైగా రోడ్ల పనుల్లోనే ఉన్నాను, సగం అక్కడ, సగం ఇక్కడ. నీ పోస్టు చదివితే నాకు కనిపించింది ఒకటే. నువ్వు శబ్దం గోడ గురించి ఇంత రాశావు, కింది గోడ గురించి నాలుగు మాటల్లో తేల్చేశావు. నిన్ను ఓటు అడిగింది పై గోడకు. నీ పెరడు నిలబడింది కింది గోడ మీద. దానికి ఓటు లేదు, అందుకే ప్రశ్నలన్నీ దానికే దాచిపెట్టుకో.

రిటైనింగ్ వాల్‌కు శత్రువు మట్టి కాదు, నీళ్లు. పొడిగా ఉన్న మట్టి తోసే బలం ఒక లెక్క. అదే మట్టి వెనుక నీళ్లు నిలిచిపోతే గోడ మీద పడే తోపు రెట్టింపు దాటుతుంది. అందుకే గోడ వెనుక కంకర పొర, దాని అడుగున రంధ్రాల పైపు, గోడకు అడుగు భాగంలో నీళ్లు కారే కన్నాలు పెడతారు. కొన్ని దశాబ్దాల తరువాత కంకరలోకి సన్నమట్టి చేరి అవి పూడుకుపోతాయి. మీ ఊళ్లో ఇంకో తంటా ఉంది. అక్కడ ఇళ్ల పునాదులే మంచుకు భయపడి 42 అంగుళాల లోతుకు తీసుకువెళతారు. గోడ వెనుక చిక్కిన నీరు గడ్డకడితే పరిమాణం 9 శాతం పెరుగుతుంది, ప్రతి చలికాలం గోడను ఒక నూలు ముందుకు నెడుతుంది. పైగా రోడ్డు మీద చల్లే ఉప్పు కాంక్రీటులోకి దిగి కడ్డీని తింటుంది. నువ్వు చూసిన తుప్పు చార, ఊడిన పెచ్చు అదే.

రేపు పొద్దున ఒక పని చెయ్యి. కంచె దగ్గర గడ్డి నేలలో గోడకు సమాంతరంగా పొడుగాటి పగులు గానీ, నేల కుంగడం గానీ ఉందేమో చూడు. కంచె స్తంభాలు రోడ్డు వైపు ఒరిగాయా చూడు. కన్నాల్లోంచి నీరు కారుతోందా? వాన పడిన తరువాత కూడా కన్నాలు పొడిగా ఉంటే సంతోషించకు, అవి మూసుకుపోయి ఉండవచ్చు.

గోదారి_గట్టు | మార్చి 4, రాత్రి 11.02

నా ఓటు నాన్నగారి పార్టీకి. ఆరు పాయింట్లలో ఒక్కటైనా ఆయనకు ఇవ్వండి.

మంచులో_మామిడి | మార్చి 5, ఉదయం 7.50

మేస్త్రి గారూ, టార్చి పట్టుకుని వెళ్లి చూశాను. మంచు ఇంకా పూర్తిగా కరగలేదు. కంచెకు అవతల, గోడ నుంచి నాలుగడుగుల దూరంలో, పొడుగునా నేల కొంచెం కుంగి ఉంది. ఇన్నాళ్లూ కుందేళ్లు తవ్వాయనుకున్నాను. రోడ్డు వైపుకు వెళ్లడం కుదరదు కాబట్టి కన్నాలు కనిపించలేదు.

కాకినాడ_మేస్త్రి | మార్చి 5, ఉదయం 8.20

కుందేళ్లు వరసగా తవ్వవు బాబూ. ఫొటోలు తీసి పెట్టు, పక్కన స్కేలు ఆనించి, తేదీతో. కంగారు పడాల్సింది లేదు, ఎలాగూ గోడ మారుస్తున్నారు. అయితే ఆ ఫొటో సమావేశానికి తీసుకువెళ్లు.

ధ్వని_తరంగం | మార్చి 5, మధ్యాహ్నం 1.15

నేను రహదారి శబ్దం లెక్కగట్టే పనిలో ఉన్నాను, వేరే రాష్ట్రంలో. కొన్ని సంగతులు చెబుతాను, మీ ఇంటి చర్చకు పనికి రావచ్చు.

ఇక్కడి ఫెడరల్ నియమాల్లో ఇళ్లకు 67 డెసిబెల్ అనే హద్దు ఉంది. రోజులో అత్యంత ఎక్కువ శబ్దం ఉండే గంటకు, ఇంటి బయట, అంటే పెరడు లాంటి చోట లెక్క. ఆ హద్దును సమీపించినా చాలు, చాలా రాష్ట్రాలు 66నే గీతగా పెట్టుకున్నాయి. గోడ వల్ల కనీసం 5 డెసిబెల్ తగ్గే ఇల్లే "లాభం పొందే ఇల్లు", ఓటు ఉత్తరం వచ్చేది ఆ ఇళ్లకే. గోడ కట్టాలని తేల్చడానికి ఇంకా గట్టి షరతు ఉంది. కొన్ని ఇళ్లకైనా 7 నుంచి 10 మధ్య, ఆ రాష్ట్రం పెట్టుకున్న అంకె మేరకు తగ్గాలి.

5 అంటే ఏమంత అనుకోకండి. 3 డెసిబెల్ తేడాను చెవి అతి కష్టం మీద పసిగడుతుంది. 10 తగ్గితే శబ్దం సగమైనట్టు వినిపిస్తుంది. గోడ అంచు మీ చెవికీ టైరుకూ మధ్య చూపును అడ్డుకున్న క్షణంలో సుమారు 5 తగ్గుతాయి. ఆపైన గోడను ఒక్కో మీటరు ఎత్తు పెంచితే ఒకటిన్నర. అంటే నాన్నగారి కిటికీ ఒక కొలబద్ద. అక్కడ నుంచి లారీ కనిపిస్తే వినిపిస్తుంది. లారీ పొగగొట్టం పన్నెండు అడుగుల ఎత్తులో ఉంటుంది కాబట్టి కార్లు మాయమైన తరువాత కూడా లారీలు కొంత మిగులుతాయి.

ఇంకో మాట, 55 మైళ్ల వేగంతో పోయే ఒక పెద్ద లారీ, అదే వేగంతో పోయే 28 కార్లంత మోత చేస్తుంది. నాన్నగారు లెక్కపెట్టేది సరైన వస్తువునే.

నిద్రలేని_నిజామాబాద్ | మార్చి 5, సాయంత్రం 6.40

నా అనుభవం వేరు. మా రాష్ట్రం పేరు, శాఖ పేరు చెప్పను, ఇప్పుడు గొడవ తీరిపోయింది. మా దగ్గర కూడా వెడల్పు పని మొదలైంది. మొదటి నెలలోనే పాత శబ్దం గోడ పీకేశారు. కొత్తది వచ్చేసరికి పద్నాలుగు నెలలు. మధ్యలో రాత్రి పూట పని, ఫ్లడ్ లైట్లు పిల్లల గదిలోకి. గోడ పనికిరానిది, పడితే పడిందిలే అనుకున్నవాళ్లందరూ ఆ పద్నాలుగు నెలల్లో దాని విలువ తెలుసుకున్నారు. ఫోను చేస్తే "షెడ్యూల్ ప్రకారమే" అన్నారు. షెడ్యూల్ ఎవరికీ చూపించలేదు.

కాబట్టి మీరు అడగాల్సింది: పాతది ఏ తేదీన తీస్తారు, కొత్తది ఏ తేదీకి నిలుస్తుంది, ఆ రెంటి మధ్య ఏమి పెడతారు? మాటల్లో చెబితే వద్దు, రాసి ఇమ్మనండి.

వేపచెట్టు | మార్చి 5, సాయంత్రం 7.05

గోడల గొడవ ఎందుకు? వరసగా చెట్లు పెట్టమనండి. నీడ, పచ్చదనం, శబ్దం అన్నీ తీరతాయి.

ధ్వని_తరంగం | మార్చి 5, సాయంత్రం 7.31

వేపచెట్టు గారూ, ఎత్తుగా, చూపు దూరనంత చిక్కగా, 200 అడుగుల మందాన అడవి ఉంటే 10 డెసిబెల్ తగ్గుతుంది. ఆయన పెరటికీ గోడకూ మధ్య ఉన్నది పది అడుగులు. ఒక వరుస చెట్లు మనసుకు మంచివి, రోడ్డు కనిపించకపోతే కోపం తగ్గుతుంది. చెవికి మాత్రం వాటి వల్ల ఒరిగేది లేదు. మట్టి కట్ట అయితే అదే ఎత్తు గోడ కంటే 3 డెసిబెల్ ఎక్కువే ఆపుతుంది కానీ దానికి కావలసినంత వెడల్పు ఊళ్ల మధ్య ఎక్కడిది?

రెండో_వీధి | మార్చి 6, ఉదయం 9.00

నేను వ్యతిరేక పక్షం. మా కాలనీలో గోడ కట్టిన తరువాత మొదటి వరుస వాళ్లు హాయిగా ఉన్నారు, మా వీధిలో శబ్దం పెరిగింది. గోడ మీద నుంచి ఎగిరి మా మీద పడుతోంది. రోడ్డుకు అటు పక్క వాళ్లయితే తమ వైపుకు కొట్టి పంపారని గోల. ప్రభుత్వ డబ్బు, పది ఇళ్లకు సుఖం. ఇది న్యాయమేనా?

ధ్వని_తరంగం | మార్చి 6, మధ్యాహ్నం 12.20

మీరు చెప్పినదాంట్లో నిజం ఉంది, కానీ పూర్తిగా కాదు. గోడ ప్రభావం రోడ్డు నుంచి దాదాపు 200 అడుగుల దాకానే గట్టిగా ఉంటుంది, ఆపైన అంచు మీదుగా వంగిన శబ్దం మళ్లీ కిందికి దిగుతుంది. అందువల్ల మీకు తగ్గలేదు, అది నిజమే. పెరగడం మాత్రం అరుదు. ఎదుటి వైపుకు తిరిగి వెళ్లేది మహా అయితే 3, సాధారణంగా 1 నుంచి 2. చెవికి అందేంత కాదు, అయినా వినిపించే తీరు మారుతుంది కాబట్టి మనిషికి తేడా తెలుస్తుంది. రెండు వైపులా గోడలుంటే వాటి మధ్య దూరం ఎత్తుకు పదింతలైనా ఉండేటట్టు చూస్తారు, లేకపోతే శబ్దాన్ని పీల్చుకునే ముఖం ఉన్న పలకలు వాడతారు. దీన్ని మామిడి గారు కూడా అడగవచ్చు.

చలి పొద్దుల్లో పైన వెచ్చని గాలి, కింద చల్లని గాలి ఉన్నప్పుడు శబ్దం నేల వైపు వంగుతుంది. మీకు పెరిగినట్టు అనిపించేది ఎక్కువగా అలాంటి రోజుల్లోనేమో, ఒకసారి గమనించండి.

రెండో_వీధి | మార్చి 6, మధ్యాహ్నం 12.48

గమనిస్తాను. న్యాయం గురించి అడిగినదానికి మాత్రం జవాబు రాలేదు.

అద్దె_అప్పారావు | మార్చి 6, మధ్యాహ్నం 3.10

న్యాయం అంటే గుర్తొచ్చింది. ఆ పాయింట్ల పద్ధతిలో అద్దెకు ఉండేవాడికి 2, ఊళ్లో లేని యజమానికి 4. నిద్ర పోయేది నాది, బరువు ఆయనది! అయినా 2 ఇచ్చారు, సంతోషమే. హైదరాబాదులో నేను అద్దెకున్న ఇంటి ముందు ఫ్లైఓవర్ లేచినప్పుడు నన్ను ఎవరూ పలకరించలేదు.

కొత్త_ఇల్లు_వెతుకుతూ | మార్చి 6, సాయంత్రం 5.25

మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. మేము ఒక కొత్త వెంచర్‌లో ఇల్లు చూశాం, హైవే పక్కనే, ధర బాగా తక్కువ. "ప్రభుత్వం త్వరలో గోడ కడుతుంది" అన్నాడు అమ్మేవాడు. నమ్మవచ్చా?

ధ్వని_తరంగం | మార్చి 6, సాయంత్రం 6.02

నమ్మకండి. రోడ్డు వెడల్పు లాంటి కొత్త పని వచ్చినప్పుడు శబ్దాన్ని లెక్కించి గోడ కట్టడం ఒక దారి. ఏ పనీ లేకుండా ఉన్న రోడ్డుకు ఊరికే గోడ కట్టడం రెండో దారి. ఈ రెండోది రాష్ట్రాల ఇష్టం, చాలా రాష్ట్రాలు ఆ పథకమే పెట్టుకోలేదు. దానికి ఫెడరల్ డబ్బు కావాలంటే 1995 నవంబరు 28కి ముందే ఆమోదం పొందిన పని అయి ఉండాలి, లేదా రోడ్డు కంటే ఇళ్లే ముందు వచ్చి ఉండాలి. మీ వెంచర్ వాటిలో దేనికీ అందదు. గోడ కావాలంటే బిల్డరే కట్టాలి. ధర తక్కువ ఎందుకో ఇప్పుడు తెలిసింది కదా.

హాంబర్గ్_హేమంతం | మార్చి 6, రాత్రి 11.40

జర్మనీ నుంచి ఒక మాట. ఇక్కడ కొత్త రోడ్డుకైనా, పెద్ద విస్తరణకైనా రాత్రికి వేరే హద్దు ఉంది. నివాస ప్రాంతంలో పగలు 59, రాత్రి 49. మీ అమెరికా లెక్కలో అత్యంత మోత ఉన్న ఒక్క గంటే చూస్తారు, మామిడి గారి బాధేమో రాత్రిది. మా ఊళ్లో ఏ7 ఆటోబాన్ వెడల్పు చేసేటప్పుడు గోడలు చాలవని మూడు చోట్ల రోడ్డుకే మూత వేసే పని పెట్టుకున్నారు. ష్నెల్సెన్‌లో 560 మీటర్లు, ష్టెల్లింగెన్‌లో 893, ఆల్టోనాలో రెండు కిలోమీటర్లకు పైగా. పైన మట్టి పోసి పార్కులు, చిన్న చిన్న తోట మడులు. మీ ఆవిడకు ఈ సంగతి చెప్పకండి, గోడ బదులు మూత అడుగుతారు.

ఆర్‌ఈ_వాల్ | మార్చి 7, ఉదయం 6.15

హైదరాబాదు నుంచి. నా పనే ఫ్లైఓవర్ పైకి ఎక్కే దారికి ఇరుపక్కల గోడలు, మేము ఆర్‌ఈ వాల్ అంటాం. కాంక్రీటు పలకల వెనుక మట్టిలో పొరలు పొరలుగా జియోగ్రిడ్ అనే ప్లాస్టిక్ వల లేదా ఇనుప పట్టీలు పరిచి, మట్టినే గోడగా మార్చే పద్ధతి. 1960లలో ఆన్రీ విడాల్ అనే ఫ్రెంచి ఇంజినీరు దీనికి రూపం ఇచ్చాడు. ఇందులో ముందు పలక అలంకారం లాంటిది, బరువు మోసేది వెనుక పట్టీ.

మేస్త్రి గారు నీళ్లన్నారు, నేను కింది నేల అంటాను. 2025 మే 19న కేరళలో, మలప్పురం జిల్లా కూరియాడ్ దగ్గర, జాతీయ రహదారి 66 కోసం కట్టిన ఎత్తైన మట్టి కట్ట, గోడలతో సహా కుంగి సర్వీసు రోడ్డు మీద పడింది. కింద ఉన్నది వరి పొలం మెత్తటి నేల. అంత బరువు మోసే సత్తా దానికి లేదు. చివరకు అక్కడ మట్టి కట్ట బదులు వయాడక్ట్, అంటే స్తంభాల మీద వంతెన కట్టాలని నిర్ణయించారు. ఆ రోజు నుంచి మా సైట్లలో నేల పరీక్ష నివేదికలు జనం నిజంగా చదువుతున్నారు.

మన దగ్గర శబ్దం సంగతి అంటారా? 2000 నాటి నియమాల్లో నివాస ప్రాంతానికి పగలు 55, రాత్రి 45 డెసిబెల్ అని కాగితం మీద అమెరికా కంటే కఠినంగా ఉంది. కూకట్‌పల్లి రోడ్డు మీద నిలబడి ఆ కాగితం చదవండి, మీ గొంతు మీకే వినపడదు.

బెజవాడ_బాబాయి | మార్చి 7, ఉదయం 8.44

మాకు రిటైనింగ్ వాల్ అంటే కృష్ణలంకే. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు మా చుట్టాల వీధిలోకి కృష్ణ రాలేదంటే ఆ గోడ వల్లే. గోడ ఎవరు కట్టారన్నదాని మీద ఇక్కడ ఎవరూ మొదలుపెట్టకండి, చేతులెత్తి దండం పెడతాను.

కాకినాడ_మేస్త్రి | మార్చి 7, ఉదయం 9.30

బాబాయి గారి మాటలో ఒక పాఠం ఉంది. కృష్ణలంక గోడ నీళ్లను ఇవతలకు రానివ్వకూడదు. మామిడి గోడ నీళ్లను ఆపకుండా అవతలకు పంపాలి. జనం రెండింటినీ గోడే అంటారు.

మామిడీ, ఇంకో రెండు సంగతులు, సమావేశానికి వెళ్లేలోగా. పాత రిటైనింగ్ వాల్ మీదే ఎత్తు శబ్దం గోడ నిలబెడతామంటే ఒప్పుకోకు. గాలి తోపు గోడ ఎత్తుతో పాటు పెరుగుతుంది, కానీ దాన్ని పడదోసే బలం ఎత్తుకు వర్గంగా పెరుగుతుంది. పది అడుగుల గోడను ఇరవై చేస్తే అడుగున పడే భారం నాలుగింతలు. అందుకే వాటికి వేరే స్తంభాలు లోతుగా దించుతారు.

రెండోది, మట్టిలోకి అడ్డంగా ఉక్కు మేకులు దించి గోడ నిలబెట్టే పద్ధతి ఉంది. నేలను తవ్వి పోయకుండా పైనుంచి కిందికి కట్టుకుంటూ రావచ్చు, ఇళ్ల దగ్గర అదే మేలు. ఆ మేకులు సుమారు గోడ ఎత్తంత పొడుగు ఉంటాయి, అంటే నీ పెరటి కిందికి రావచ్చు. అప్పుడు నీ నేల కింద హక్కు రాసి ఇమ్మంటారు. దానికి డబ్బు ఇస్తారు, ఇవ్వాలి. సంతకం చేసేముందు ఎంత లోతున, ఎంత దూరం, తరువాత నువ్వు అక్కడ ఏమి తవ్వకూడదు, ఈ మూడూ చదువు. పని మొదలుకాక ముందు ఇంటి లోపలి గోడలు, బేస్‌మెంట్ పగుళ్లు వాళ్ల చేతే ఫొటోలు తీయించు. స్తంభాలు దిగగొట్టేటప్పుడు వచ్చిన పగులు పాతదని వాళ్లు, కొత్తదని నువ్వు వాదించుకోవడం నేను చాలాసార్లు చూశాను. ఒక్కోసారి అవతలి బల్ల దగ్గర కూర్చున్నది నేనే.

మంచులో_మామిడి | మార్చి 20, రాత్రి 10.05

ఆలస్యానికి క్షమించండి. సమావేశం అయింది. బడి జిమ్నాజియంలో, మడత కుర్చీల్లో, నలభై మంది. అందరూ శబ్దం గోడ రంగు గురించే అడుగుతున్నారు. నేను లేచి నేల కుంగిన ఫొటో చూపించి నీళ్ల పైపు ఎక్కడికి పోతుందని అడిగితే ఒక్క నిమిషం నిశ్శబ్దం. తరువాత మూలన కూర్చున్న ఒక ఇంజినీరమ్మ తానే లేచి నా దగ్గరికి వచ్చింది, పెద్ద నక్షా పరిచింది.

కొత్త రిటైనింగ్ వాల్ పాతదానికి కొంచెం ముందు వస్తుంది, పాతదాన్ని పై భాగం మాత్రమే కోసి మిగతాది మట్టిలోనే వదిలేస్తారు. మేకుల పద్ధతి మా వరుసలో లేదు, నాలుగు ఇళ్ల అవతల మలుపు దగ్గర ఉంది, వాళ్లకు హక్కు పత్రాలు వెళ్లాయట. శబ్దం గోడకు వేరే స్తంభాలు. నీటి పైపు వర్షపు కాలువలోకి పోతుంది, శుభ్రం చేయడానికి మూతలు కూడా నక్షాలో ఉన్నాయి. పగుళ్ల ఫొటోలు ఏప్రిల్‌లో తీస్తామన్నారు. పాత గోడ తీసిన తరువాత కొత్తది నిలిచేదాకా ఒక వేసవి అన్నారు. నిజామాబాద్ గారూ, రాసి ఇమ్మన్నాను. ఈమెయిల్ వచ్చింది, "అంచనా" అన్న మాటతో సహా.

పారదర్శక పలకలు పెట్టవచ్చా అని మా ఆవిడ అడిగింది. ఖరీదు, ఉప్పు బురద పడితే కడగాలి, పైగా శబ్దాన్ని పీల్చుకోవు, కుదరదన్నారు. ఎండ బొమ్మ గీసి చూపించారు. జూన్‌లో ఫరవాలేదు, సెప్టెంబరులో గంటన్నర ముందే నీడ. గోంగూర మడిని ఇంటి తూర్పుకు మార్చాలని ఇంట్లో తీర్మానం జరిగింది, తవ్వే పని నాది.

గోదారి_గట్టు | మార్చి 20, రాత్రి 10.19

నాన్నగారి సంగతి?

మంచులో_మామిడి | మార్చి 20, రాత్రి 10.47

ఆయన నోటు పుస్తకం పట్టుకుని వచ్చారు, నేను వద్దన్నా. ఇంజినీరమ్మ ముందు పెట్టి, నాలుగు నెలల లెక్క అని నన్ను చెప్పమన్నారు. ఆవిడ పేజీలు తిప్పింది. మీరు ఏ గంటను ఎక్కువ మోత గంటగా తీసుకున్నారని అడిగాను. ఉదయం 6 నుంచి 7 అంది. ఆఫీసు రద్దీలో బళ్లు నెమ్మదిస్తాయి కాబట్టి మోత తగ్గుతుంది, రద్దీకి ముందు లారీలు పూర్తి వేగంతో పోతాయి, అదే గరిష్ఠం అని చెప్పింది. నాన్నగారి పుస్తకంలో లారీలు ఎక్కువున్నదీ ఆ గంటే, ఎర్ర సిరాతో గీత గీసి ఉంది. అది తెలుగులో చెప్పగానే ఆయన ముఖం చూడాలి. ఇంటికి వచ్చేదాకా కారులో ఒకటే మాట, "వాళ్ల కంప్యూటరూ మనమూ ఒకటే చెప్పాం."

ఆ రాత్రే కాగితం నింపాను. కావాలి అన్న గడిలో టిక్కు ఆయన చేతే పెట్టించాను. సంతకం నాది.